నాలుగు అరచేతులు

హెన్రిక్ కారు తెచ్చిన పొద్దున
సోల్టావు ఊరి మీద మంచు ఇంకా లేవలేదు.
"నూట ఎనభై దాటితే తోక ఊపుతోంది,
అల్లర్ వంతెన మీద గాలి తగిలితే
పక్క లైను దాకా పోయి వస్తోంది" అన్నాడు
కొంచెం భయంగా, కొంచెం గొప్పగా.

కారు మాత్రం చూడముచ్చటగా ఉంది.
నేలకు వంచిన నడుం,
అంచుల దాకా నిండిన వెడల్పు టైర్లు,
మొహం చూసుకోదగ్గ పందొమ్మిది అంగుళాల చక్రాలు.
పనిలో చేరి నాలుగు నెలలైన నేను నోరు తెరిచాను.
వీబ్కె తెరవలేదు.

ఆమె చేతి తొడుగు తీసింది.
కుడి చేతికి చిటికెన వేలు లేదు.
ఇరవై రెండో ఏట, నొక్కి పట్టిన స్ప్రింగొకటి
చెప్పకుండా పట్టు వదిలించుకుంది.
మిగిలిన వేళ్ళను వెనక టైరు మీద అడ్డంగా నడిపింది.
లోపలికి పోతే పట్టు, బయటికి వస్తే రంపం.
"నువ్వు చూడు" అంది.
చూశాను.
ఈ చక్రం తిన్నగా దొర్లడం లేదు.
వెంట్రుకంత పక్కచూపుతో
ప్రతి కిలోమీటరూ రోడ్డుతో గీసుకుంటూ వచ్చింది.

టైరు గోడ మీద నాలుగు అంకెలు:
పుట్టిన వారం, పుట్టిన ఏడు.
హెన్రిక్ అప్పటికి బడి పిల్లాడు.
గాడులు లోతుగానే ఉన్నాయి, గోరు మాత్రం దిగడం లేదు.
"ఎండిన రొట్టె మీద గాట్లు ఎంత లోతైతే ఏం?"

తర్వాత ఫెండర్ని రెండు చేతులా నొక్కి వదిలింది.
కారు కిందికి పోయి, పైకొచ్చి,
ఆగాల్సిన చోట ఆగక
ఇంకోసారి తల ఊపింది.
ఆ ఒక్క ఊపు చాలు.

కాఫీ తాగుతూ అతనికి చెప్పింది, నాకు వినబడేలా:
"పదిహేను వందల కిలోల బండి
నేలను తాకేది నాలుగు అరచేతులంత మేర.
మిగతాదంతా కూర్చోడానికి.
రిమ్ముకు అంటించిన ఐదు గ్రాముల బిళ్ళ రాలిపోయిందనుకో,
రెండొందల వేగంలో అది మూడు కిలోల సుత్తి,
సెకనుకి ఇరవై ఏడు దెబ్బలు.
డాంపర్ చచ్చిందనుకో,
వంతెన మీద అతుకు తగిలినప్పుడల్లా చక్రం ఎగురుతుంది.
గాల్లో ఉన్న చక్రానికి
స్టీరింగ్ మాట వినబడదు."

"కానీ తిప్పగానే తిరుగుతోందిగా?"

"తిరుగుతుంది.
నువ్వు తిప్పకపోయినా తిరుగుతుంది."

రెండు రోజులు పట్టింది.
పాత ఎత్తు స్ప్రింగులు మళ్ళీ ఎక్కించినప్పుడు
తల గొరిగించుకున్న పిల్లాడిలా నిలబడ్డాడు.
టైర్లకు డబ్బు రెండింటికే ఉంది.
ముందు వేయమన్నాడు, ఆమె వెనక వేసింది.
"ముందు జారితే నీకు తెలుస్తుంది,
వెనక జారితే నీ వెనక వాడికి తెలుస్తుంది."
ఆఖరున ఒక బోల్టును పావు చుట్టు తిప్పి,
కొలత చూసి, అందులో సగం వెనక్కి తిప్పింది.

ఆదివారం తెల్లవారుజామున ముగ్గురం బయల్దేరాం.
వెనక సీట్లో నేను, ఒళ్ళో పానాల పెట్టె.
వంతెన దగ్గర నారింజ రంగు గాలిసంచి
నేలకు సమంగా చాచుకుని ఉంది.
గాలి కొట్టింది.
కారు ఒకసారి భుజం ఎగరేసి ఊరుకుంది.
పెట్టెలో ఒక్క పానా కూడా పలకలేదు.

హెన్రిక్ చాలాసేపు మాట్లాడలేదు.
లారీలు తొక్కిన గాడి వచ్చింది, పోయింది.
అప్పుడన్నాడు, మోసపోయినవాడి గొంతుతో:
"ఇదివరకటి కన్నా నెమ్మదైపోయింది."
ముల్లు రెండొందల పన్నెండు మీద ఉంది.

నాకు నవ్వొచ్చింది.
ఆమెకు రాలేదు.
కాళ్ళ దగ్గరి రేకుకు వేళ్ళు ఆనించి
కళ్ళు మూసుకుని ఏదో వింటోంది.
"ముందు కుడి చక్రం బేరింగు" అంది,
"ఇంకో మూడు నెలలు."